చాలాకాలం వాడాక చిన్న డీజే కంట్రోలర్: నా ఓటు క్యూ బటన్‌కే

ప్యాడ్‌లు, లైట్లు, ఎఫెక్ట్‌ల గురించి వీడియోలు బోలెడున్నాయి, వాటి జోలికి పోను. కంప్యూటర్‌లోని డీజే సాఫ్ట్‌వేర్‌ని చేత్తో నడిపిస్తూ రెండు పాటల్ని కలపడానికి వాడే, రెండు చానళ్ళ ఈ కంట్రోలర్‌ని ఇంతకాలం వాడాక నాకు తగ్గని ఇష్టమంతా హెడ్‌ఫోన్ బొమ్మతో ఉండే చిన్న క్యూ బటన్ మీదే. స్పీకర్లలో ఒక పాట మోగుతుంటే, రాబోయే పాటని నా చెవికి మాత్రమే వినిపించేది అదే. మిక్సింగ్, అంటే ఒక పాటలోంచి ఇంకో పాటలోకి తెగకుండా వెళ్ళడం, నేర్చుకోవడమంటే నా లెక్కలో ఈ బటన్ నొక్కి వినడం నేర్చుకోవడమే.

కొన్న కొత్తలో సింక్ బటన్ని తెగ పొగిడాను. నొక్కగానే రెండు పాటల వేగం కలిసిపోతుంది. కంప్యూటర్‌లో తయారైన ఈనాటి డాన్స్ పాటలకి ఇప్పటికీ అదే మాట. మన పాతపాటల దగ్గరికొస్తే మాత్రం దాన్ని నమ్ముకోలేం.

అది నాకు బాగా తెలిసింది గాజువాకలో మా బావ సంగీత్ రోజున. కుర్రాళ్ళ పాటలు హుషారుగా నడుస్తున్నాయి. మావయ్య వచ్చి "ఒరే అల్లుడూ, మా రోజుల పాట ఒకటెయ్యరా" అన్నారు. డెబ్బైల నాటి యుగళగీతం ఎక్కించాను. సాఫ్ట్‌వేర్ 120 బీపీఎం (నిమిషానికి 120 దెబ్బలు) అంది, సింక్ వెలిగింది, తెర మీద రెండు పాటల దెబ్బల్ని చూపే గీతలూ చక్కగా ఒకదాని కింద ఒకటి నిలబడ్డాయి. చెవిలో మాత్రం డోలక్ దెబ్బా, నడుస్తున్న పాట కిక్ డ్రమ్మూ ఒకదాన్నొకటి తన్నుకుంటున్నాయి.

కారణం పాటలోనే ఉంది. ఆ రోజుల్లో ఆర్కెస్ట్రా అంతా కలిసి కూర్చుని వాయించేది, వేగం తప్పకుండా చెవిలో టిక్ టిక్ మని కొట్టే క్లిక్ ట్రాక్ ఉండేది కాదు. ఊపు వచ్చేకొద్దీ వేగం పెరుగుతుంది. పల్లవిలో 118 ఉన్నది చరణానికి 121 అవుతుంది. సాఫ్ట్‌వేరేమో పాట మొత్తానికి ఒకే సంఖ్య వేసుకుని, స్కేలు పెట్టినట్టు సమంగా గీతలు గీసేసింది. ఒక్క బీపీఎం తేడా ఉన్నా నిమిషం తిరిగేసరికి ఒక దెబ్బ మొత్తం పక్కకి జరిగిపోతుంది.

ఈ తన్నులాట విన్నది నేనొక్కడినే, హాల్లో ఇంకా ఎవరికీ తెలీదు. క్యూ బటన్ విలువంతా అక్కడే ఉంది. సింక్ తీసేశాను. హెడ్‌ఫోన్లో ఏ పాట ఎంత వినపడాలో తిప్పుకునే క్యూ మిక్స్ నాబ్‌ని మధ్యలో పెట్టి రెండు పాటలూ కలిపి విన్నాను. డోలక్ వెనకబడితే జాగ్ వీల్ (పాటని ముందుకీ వెనక్కీ జరిపే గుండ్రటి చక్రం) అంచుని కాస్త ముందుకి తోస్తూ, తొందరపడితే వేలితో ఆపుతూ, టెంపో స్లైడర్ సర్దుతూ, రెండూ ఒక్క దెబ్బగా వినపడ్డాక, పాటని స్పీకర్లలోకి వదిలే ఫేడర్ ఎత్తాను. పాట కలిసింది. అత్తలూ పిన్నులూ లేచి వచ్చారు. "ఏటి బావా, ఎక్కడ మారిందో తెలీనేదు" అన్నాడు పెళ్ళికొడుకు. అంతకంటే మెప్పు ఏముంటుంది!

1970 ప్రాంతాల్లో న్యూయార్క్‌లో ఫ్రాన్సిస్ గ్రాసో అనే డీజే రెండు రికార్డుల దెబ్బలు కలిపింది కూడా చెవితోనే. ఆయన ముందు తెర లేదు, గీతలూ లేవు.

జానపదం ఊపున్న ఆరెనిమిది లయ పాటలకీ ఇదే మందు. 90 ఉన్న పాటని సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి 135 అని చదువుతుంది. రికార్డ్‌బాక్స్ అనే డీజే సాఫ్ట్‌వేర్‌లో వేగం మారే పాటల కోసం డైనమిక్ విశ్లేషణ ఉంది, మంచి సాయమే. అయినా చెవితో సరిచూడకుండా నేను ఫేడర్ ఎత్తను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇంట్లో అద్భుతంగా వినిపించే ఈ హెడ్‌ఫోన్ అవుట్‌పుట్ ఫంక్షన్ హాల్లో, పెద్ద స్పీకర్ల పక్కన, చాలడం లేదు. డప్పుల వాళ్ళు దగ్గరుంటే అసలు వినపడదు. చెవిని పూర్తిగా మూసే వైరున్న హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. బ్లూటూత్‌వి వద్దు, శబ్దం ఆలస్యంగా వస్తే దెబ్బ కలపడం కుదరదు.

రెండోది మన విశాఖ గాలి. లాసన్స్ బే వైపు మా ఇంట్లో ఉప్పుగాలికి హెడ్‌ఫోన్ సాకెట్ చిలుం పట్టి ఒక చెవిలో గరగర మొదలైంది. ముట్టుకోకుండానే టెంపో స్లైడర్ అంకెలు వణికేవి. డాబాగార్డెన్స్‌లో ఒక మెకానిక్ విప్పి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి బాగుచేశాడు. అప్పట్నుంచి వాడగానే మూత వేసి, సిలికా జెల్ పొట్లాలతో బ్యాగులో పెడుతున్నాను. కొండవైపు ఉండేవాళ్ళకి ఇంత బాధ ఉండకపోవచ్చు.

నేను డబ్బు తీసుకుని వాయించను, చుట్టాల ఫంక్షన్లూ స్నేహితుల డాబాలూ అంతే. రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు కాబట్టి నా సాధనంతా హెడ్‌ఫోన్స్‌లోనే. నాలాంటి వాళ్ళకి ఈ చిన్న కంట్రోలర్ ధైర్యంగా చెప్తాను. పెళ్ళిళ్ళు ఒప్పుకునే ఆలోచన ఉంటే ఎక్స్‌ఎల్‌ఆర్ (పెద్ద సౌండ్ సిస్టమ్‌లకి వాడే మూడు పిన్నుల కనెక్షన్), బూత్ (డీజే పక్కన పెట్టుకునే స్పీకర్‌కి వెళ్ళేది) అవుట్‌పుట్‌లు ఉన్న పెద్దది చూసుకోండి. దీనికి ఎరుపు, తెలుపు రంగుల ఆర్‌సీఏ సాకెట్లు మాత్రమే ఉన్నాయి, సౌండ్ వాళ్ళ మిక్సర్‌లో పెట్టాలంటే ఆర్‌సీఏ నుంచి పీ38 (మైకులకి వాడే లావు పిన్ను) కేబుల్ మీరే తీసుకెళ్ళాలి.