పుట్టిన ఏడాది బోర్డో కానుక: ఏ సీసా మేలు?

1997లో పుట్టినవాళ్లకు అదే ఏడాది పంటతో చేసిన బోర్డో (ఫ్రాన్స్‌లోని వైన్ ప్రాంతం) వైన్ ఇద్దామని వెతికితే ముందు కంటపడేవి పెద్ద పేర్లే: షాటో లఫీట్, లాటూర్, మార్గో. 1855లో బోర్డో వైన్ ఎస్టేట్లకు శ్రేణులు కట్టిన వర్గీకరణలో మొదటి శ్రేణి దక్కినవి ఇవి. వైన్ గురించి పెద్దగా తెలియనివాళ్లు కూడా ఆ లేబుల్ చూసి ‘అబ్బో’ అంటారు. చిక్కల్లా ఏమిటంటే, బోర్డో ఎర్ర వైన్లకు 1997 గొప్ప ఏడాది కాదు. చాలావరకు తేలికపాటివి, ఎప్పుడో తాగెయ్యాల్సినవి. ధర మాత్రం పేరును బట్టే పలుకుతుంది.

ఏడాది పట్టింపు లేకపోతే నా ఓటు 2000 నాటి షాటో లెయోవిల్ బార్టన్‌కు. రెండో శ్రేణిదే కానీ, ఆ ఏడాది బోర్డోలో పంట అదిరింది. 1826 నుంచీ ఎస్టేట్ ఒకే కుటుంబం చేతిలో ఉంది. తమాషా ఏమిటంటే, దానికి సొంత షాటో భవనమే లేదు. వైన్ తయారయ్యేది అదే కుటుంబానికి చెందిన లాంగోవా బార్టన్‌లో. లఫీట్ ధరలో సగం కూడా పెట్టక్కర్లేదు.

లేదు, పుట్టిన ఏడాదే ముఖ్యం అంటారా? ఎరుపు వదిలేసి బోర్డోలోనే ఉన్న సోటెర్న్ ప్రాంతపు తీపి వైన్ చూడండి. అక్కడ లెక్కే వేరు. పొద్దున పొగమంచుకు ద్రాక్షకు ఒక రకం బూజు పడుతుంది, మధ్యాహ్నం ఎండకు పండు కిస్‌మిస్‌లా ముడుచుకుంటుంది. నీరు తగ్గి తీపి చిక్కబడుతుంది. అందుకే ఎరుపుకు కలిసిరాని ఏడాది దీనికి కలిసిరావచ్చు. 1997 అచ్చంగా అలాంటిదే. అక్కడి పెద్ద పేరు షాటో ఇకెమ్. దాని ధర చూసి గుండె గుభేల్మంటే అక్కడిదే షాటో సుదిరో తీసుకోండి, అదీ 1855 జాబితాలోదే. 1992లో పుట్టినవాళ్లకైతే ఇకెమ్ దొరకదు, ఆ ఏడాది వాళ్లు తమ పేరుతో వైనే విడుదల చేయలేదు.

తాగనివాళ్లకు, దాచుకునేవాళ్లకు బోర్డోలోని మరో ఎస్టేట్ షాటో ముటోన్ 1973. ఆ ఎస్టేట్ మొదటి శ్రేణికి ఎక్కిన ఏడాది అది, లేబుల్ మీద పికాసో బొమ్మ. లోపలి వైన్ సంగతి అడక్కండి.

ఏది కొన్నా ముందు సీసా ఫొటో తెప్పించుకోండి. పాతికేళ్ల సీసాలో వైన్ సీసా మెడ మొదలయ్యే చోటు దాకానైనా ఉండాలి. మెడ కింద సీసా వెడల్పయ్యే భుజం మధ్యకు దిగిందంటే కార్క్ మీద అనుమానపడాల్సిందే, ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు.

హైదరాబాద్‌కో విజయవాడకో తీసుకెళ్లే కానుకైతే నేను సోటెర్న్‌కే మొగ్గుతాను. విమానం కుదుపులకు పాత ఎర్ర వైన్‌లో అడుగున పేరుకున్న మడ్డి లేస్తుంది. అది తేరుకోవడానికి కొన్నాళ్లు చల్లటి చోట ఉంచాలి, తెరిచాక ఆ సాయంత్రమే ముగించాలి. తీపి వైన్‌తో అంత టెన్షన్ లేదు, మిగిలింది ఫ్రిజ్‌లో పెడితే కొన్ని రోజులు బాగానే ఉంటుంది. పైగా 375 మిల్లీలీటర్ల అర సీసాలూ దొరుకుతాయి, ఇద్దరికి అది చాలు.