బస్తీ దవాఖానాను ఏళ్ల తరబడి వాడాక: ఏ రోగానికి వెళ్లొచ్చు, దేనికి వెళ్లకూడదు

మా వీధి చివర, కమ్యూనిటీ హాలు పక్కన ఒక బస్తీ దవాఖానా, అంటే ప్రభుత్వం నడిపే చిన్న ఉచిత దవాఖానా ఉంది. హైదరాబాద్‌లో ఈ దవాఖానాలు 2018లో మొదలయ్యాయి. మా బస్తీకి వచ్చినప్పటి నుంచి జ్వరం, దగ్గు, షుగర్, బీపీ ఏదైనా మా ఇంటి వాళ్లం ముందు వెళ్లేది అక్కడికే. మా అత్తమ్మకు షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. నాకు థైరాయిడ్. వానాకాలం వచ్చిందంటే పిల్లలు ఒకరి తర్వాత ఒకరు మంచమెక్కుతారు. "ఫ్రీ దవాఖానా కదా, సరిగ్గా చూస్తారా?" అని చుట్టాలు ఇప్పటికీ అడుగుతుంటారు. వాళ్లకు ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అక్కడ ఉండేది ఒక ఎంబీబీఎస్ డాక్టరు, ఒక స్టాఫ్ నర్సు, ఒక సహాయకురాలు. ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు చూస్తారు. పడకలు లేవు, ఆపరేషన్లు లేవు. ఐదు వేల నుంచి పది వేల మందికి ఒకటి అన్న లెక్కన పెట్టారు కాబట్టి పెద్దాసుపత్రిలా తోపులాట ఉండదు. డాక్టరు ముందు కూర్చుని నాలుగు మాటలు చెప్పుకునే తీరిక దొరుకుతుంది. ఆ తీరిక విలువ ఎంతో అత్తమ్మ విషయంలో చూశాను.

అంతకుముందు అత్తమ్మను ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లేవాళ్లం. వెళ్లిన ప్రతిసారీ కొత్త డాక్టరే ఉండేవారు. పాత చీటీ పైపైన చూసి ఇంకో గోలీ రాసేవారు. షుగర్ మాత్రం తగ్గేది కాదు. పైగా కడుపుబ్బరం, విరేచనాలు పట్టుకున్నాయి. బస్తీ దవాఖానాలో డాక్టరమ్మ "ఇంట్లో ఉన్న గోలీలన్నీ సంచితో సహా తీసుకురండి" అంది. తెచ్చిన స్ట్రిప్పులన్నీ టేబుల్ మీద వరసగా పరిచి, ఒక్కోదాని వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదివింది. రెండు వేర్వేరు కంపెనీల స్ట్రిప్పుల్లోనూ మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందే ఉంది. బ్రాండ్ పేర్లు వేరు కావడంతో అత్తమ్మ రెండూ వేసుకుంటోంది. ఆ మందు ఎక్కువైతే చాలామందికి కడుపు పాడవుతుందని అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత డాక్టరమ్మ అడిగిన ప్రశ్న నాకు ఇంకా గుర్తుంది. "పెద్దమ్మా, ఒక్కపొద్దులు ఉంటారా?" అత్తమ్మ ప్రతి శనివారం ఉంటుంది. పొద్దున గ్లిమెపిరైడ్ అనే షుగర్ గోలీ వేసుకుని సాయంత్రం దాకా ఏమీ తినకపోతే షుగర్ పడిపోతుంది. శనివారాలు అత్తమ్మకు చెమటలు పట్టి కళ్లు తిరగడం వయసు వల్ల అనుకునేవాళ్లం. ఆ రోజుకి మందు ఎలా వేసుకోవాలో డాక్టరమ్మ విడిగా రాసిచ్చింది. ఒక్కపొద్దు మానేయమని మాత్రం అనలేదు. అందుకే అత్తమ్మ ఆ మాట విన్నది. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ తొమ్మిది దాటి ఉండేది. ఇప్పుడు ఏడున్నర దగ్గర నిలిచింది. ఆ వయసుకి అది చాలని, మరీ కిందికి దించితే షుగర్ ఒక్కసారిగా పడిపోయే ప్రమాదముందని చెప్పారు.

రక్త పరీక్షల గురించి తప్పకుండా చెప్పాలి, ఈ దవాఖానాల అసలు బలం అదే. నమూనా అక్కడే తీసి, ట్యూబు మీద స్టిక్కరు అంటించి, తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబుకు పంపుతారు. నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఆవరణలో ఉంది ఆ సెంట్రల్ ల్యాబు. రిపోర్టు ఫోనుకే వస్తుంది. మొదట్లో 57 రకాల పరీక్షలుండేవి, 2023లో 134కి పెంచారు. షుగర్, థైరాయిడ్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), లివర్, కొలెస్ట్రాల్ అన్నీ ఉచితమే. బయట ఇవన్నీ కలిపి చేయిస్తే మా ఇంటి నెల కూరగాయల డబ్బంతా పోతుంది. ఎక్స్‌రే, స్కానింగ్ కావాలంటే ఆ సౌకర్యం ఉన్న పెద్ద కేంద్రాలకు రాసిస్తారు.

బీపీ చూసే పద్ధతి కూడా నాకు నచ్చింది. నడిచి వచ్చిన వాళ్లకు వెంటనే పట్టీ చుట్టరు. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపు కుర్చీకి ఆనించి, చెయ్యి టేబుల్ మీద పెట్టించి అప్పుడు చూస్తారు. మాట్లాడితే సిస్టర్ "కాసేపు ఆగమ్మా" అంటుంది. ఎక్కువ వస్తే ఇంకోసారి చూసి రాసుకుంటుంది. ఎన్నో ఖరీదైన క్లినిక్కుల్లో ఇంత ఓపిక నేను చూడలేదు. అప్పుడప్పుడు డాక్టరు అత్తమ్మను చెప్పులు విప్పమని అరికాళ్లు, వేళ్ల సందులు కూడా చూస్తారు. షుగర్ ఉన్నవాళ్లకు కాలిపుండు తెలియకుండానే ముదిరిపోతుంది మరి. ఏడాదికోసారి కంటి రెటీనా పరీక్షకు మెహిదీపట్నం సరోజినీ దేవి కంటి ఆసుపత్రికి పంపుతారు.

ఇక ఇబ్బందులు. మాకు నచ్చిన డాక్టరమ్మ వెళ్లిపోయింది, తర్వాత ఇంకొకరు వచ్చారు, మళ్లీ మారారు. కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా మొదటి నుంచి చెప్పుకోవాల్సి వస్తుంది. అందుకే ఒక నోట్‌బుక్ పెట్టాను. తేదీ, బీపీ, షుగర్, మారిన మందు అన్నీ అందులో రాస్తాను. కొత్త డాక్టరు రెండు నిమిషాల్లో చదివేస్తారు. మందులు కూడా అన్నిసార్లూ ఉండవు. బీపీ గోలీలు వారం పాటు దొరకని రోజులున్నాయి. అలాంటప్పుడు జన్ ఔషధి దుకాణంలో అదే మందు తక్కువ ధరకు కొనుక్కుంటాం. ఇంట్లో పది రోజుల మందు ఉండగానే వెళ్లడం అలవాటు చేసుకున్నాం. బీపీ మందు ఒక్కసారిగా ఆపడం మంచిది కాదు.

సమయం ఇంకో పెద్ద సమస్య. కూలికి వెళ్లేవాళ్లకు, దుకాణాల్లో పనిచేసేవాళ్లకు 9 నుంచి 4 అంటే ఒకపూట జీతం పోయినట్టే. మా ఆయన ఈ కారణంతోనే చాలాకాలం అక్కడ అడుగు పెట్టలేదు. వారంలో కొన్ని రోజులైనా సాయంత్రం తెరిచి ఉంచితే ఎంతోమందికి బీపీ ముందే తెలుస్తుందని నా గట్టి నమ్మకం. నలభై దాటిన మగవాళ్లే ఎక్కువగా తప్పించుకుంటున్నారు, అసలు చూపించుకోవాల్సింది వాళ్లే.

అన్నిటికీ ఈ దవాఖానానే పట్టుకుని కూర్చోకూడదు కూడా. గుండెల్లో పట్టేసినట్టున్నా, మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ఇంటి పక్కన ఉంది కదా అని అక్కడికి నడిపించకండి. వెంటనే 108కి ఫోన్ చేసి, కాథ్‌ల్యాబ్ (గుండె రక్తనాళాల్లో అడ్డు తీసే చోటు) లేదా సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి చేరాలి. పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి.

మా అబ్బాయికి డెంగీ వచ్చినప్పుడు బస్తీ దవాఖానాలోనే పరీక్ష చేశారు. పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి గోలీ ఏదీ వేయొద్దని, ముఖ్యంగా డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ ముట్టొద్దని చెప్పారు. "జ్వరం తగ్గింది కదా అని నిశ్చింతగా ఉండకండి, ఆ తర్వాతి రెండు రోజులే జాగ్రత్త" అని కూడా చెప్పారు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి వెళ్లమన్నారు. ఇలా తన హద్దు తెలిసి, సమయానికి పైకి పంపే డాక్టరే నా దృష్టిలో మంచి డాక్టరు. జ్వరం అనగానే సెలైన్ ఎక్కించి, ఏదో ఒక ఇంజెక్షన్ పొడిచే చోటికి పిల్లల్ని తీసుకెళ్లకండి.

కుక్క కరిస్తే ముందు సబ్బుతో, ధార పడుతున్న నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం పెట్టకూడదు. ఆ తర్వాత టీకా ఉందో లేదో ఫోన్ చేసి అడిగి యూపీహెచ్‌సీకి (పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) గానీ, ఐపీఎంకు గానీ, ఫీవర్ ఆసుపత్రికి గానీ వెళ్లాలి. గాయం నుంచి రక్తం వస్తే టీకాతో పాటు రేబీస్‌ను అడ్డుకునే సీరం ఇంజెక్షన్ కూడా కావాలి. అది అన్నిచోట్లా ఉండదు.

ఆపరేషన్, పెద్ద చికిత్స అంటే ఆరోగ్యశ్రీ ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని పది లక్షలకు పెంచారు. చేరకముందే ఆ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర (ఈ పథకం పనులు చూసే ఉద్యోగి) దగ్గరకు వెళ్లి, మీ జబ్బు ఆ జాబితాలో ఉందా, ఆ ఆసుపత్రికి ఆ విభాగంలో అనుమతి ఉందా అని కనుక్కోండి. అడ్వాన్సు కట్టాక అడిగితే గొడవే మిగులుతుంది.

తిండి విషయంలో డాక్టరు చెప్పినవి రెండు మాకు బాగా పనిచేశాయి. జొన్నరొట్టె అని నాలుగు తినేస్తే షుగర్ పెరగకుండా ఉండదు, రెండు చాలు. బీపీకి ఉప్పు తగ్గించడమంటే కూరలో తగ్గించడం ఒక్కటే కాదు, పచ్చడి జాడీ, అప్పడాలు కూడా పక్కన పెట్టాలి. అత్తమ్మకు ఆవకాయ లేకుండా ముద్ద దిగదు. ఇప్పుడు ఆదివారం మాత్రమే వేసుకుంటోంది.

కొత్తగా వెళ్లేవాళ్లు ఆధార్ కార్డు, రిపోర్టులు వచ్చే ఫోను, వాడుతున్న గోలీల స్ట్రిప్పులు తీసుకెళ్లండి. చీటీ కంటే స్ట్రిప్పులే ముఖ్యం. పరగడుపు పరీక్ష ఉంటే తొమ్మిదికల్లా అక్కడ ఉండండి, రక్తం ఇచ్చాక తినడానికి డబ్బాలో ఇడ్లీలు పెట్టుకోండి. మా దగ్గర సోమవారం రద్దీ ఎక్కువ, కాబట్టి నెలవారీ మందులకు బుధ, గురువారాలు వెళితే డాక్టరుతో తీరికగా మాట్లాడొచ్చు.