నేటాల్ ఓడల జాబితాలు: పూర్వీకుల అన్వేషణలో దీర్ఘకాల వినియోగం తర్వాత సమీక్ష

ముత్తాతల ఊరు వెతుక్కుంటూ దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి ఉత్తరాంధ్రకు వచ్చే కుటుంబాలకు సాయపడుతూ కొన్నేళ్లుగా నేను నేటాల్ (డర్బన్ రేవు ఉన్న, ఆనాటి బ్రిటిష్ వలస ప్రాంతం) ఓడల జాబితాలను చదువుతున్నాను. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ డర్బన్ చేరింది మొదలు 1911లో వలస ఆగిపోయేవరకు, మద్రాసు, కలకత్తా రేవుల నుంచి ఒప్పంద కూలీలుగా వెళ్లిన 1,52,184 మంది లెక్క ఇది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది మచ్చలు, పనికి కుదిర్చిన యజమాని వరకు ఇందులో రాశారు. ఆ కాలపు సామాన్య కూలివాడి గురించి ఇంత వివరంగా రాసిన కాగితం మన వైపు మరొకటి నా కంటపడలేదు.

అయితే పేరు పట్టుకుని వెతికితే పరాయి మనిషిని తాతగా స్వీకరించే ప్రమాదం చాలా ఎక్కువ. సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకోవడం ఆనవాయితీ అయిన ప్రాంతం కనుక అప్పన్నలు, అప్పలస్వాములు, అప్పలమ్మలు ఎక్కడ చూసినా కనిపిస్తారు. ఇంటిపేరు సాధారణంగా ఉండదు. గుమాస్తా తన చెవికి వినబడినట్టు రాసుకున్న ఇంగ్లీషు అక్షరాలే మనకు మిగిలాయి. నేటి వారసుల పేర్ల చివర ఉన్న ‘నాయుడు’ కూడా సాక్ష్యం కాదు, ఎందుకంటే కులం పేరో తండ్రి పేరో చివరిపేరుగా స్థిరపడింది అక్కడికి చేరిన తర్వాతనే.

నమ్మదగినది నేటాల్‌లో ప్రతి కూలీకి ఇచ్చిన కలోనియల్ నంబరు. ఇంట్లో దాచిన పెళ్లి కాగితంలోనో, పిల్లల జనన పత్రంలోనో అది దొరికితే అక్కడి నుంచి వెనక్కి నడవాలి. దొరకనప్పుడు నేను అనుసరించే పద్ధతి వేరు: అదే పేరు, అదే జిల్లా, దాదాపు అదే వయసు ఉన్న వారందరినీ ఒకచోట రాసుకుని, మన మనిషి ఎవరో తేల్చడం కంటే ముందు ఎవరు కాదో తేలుస్తాను. ఒక అప్పలస్వామి భారతదేశానికి తిరిగి వెళ్లిపోయినట్టు రాసి ఉండి, మన కుటుంబంలో పిల్లలు ఆ తర్వాత కూడా అక్కడే పుడుతూ ఉంటే, అతను మనవాడు కాడు. మిగిలినవారి విషయంలో పెద్దబిడ్డ పుట్టిన చెరకు తోట ఎవరి యజమానిదో చూడాలి, తండ్రి పేరును మరణ పత్రంతో పోల్చాలి. ఇది ఎంతో ఓపిక కోరే పని, కానీ దీనికి దగ్గరిదారి ఉందని నేను అనుకోను.

జిల్లా పేరు చదివేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. శ్రీకాకుళం 1950లో, విజయనగరం 1979లో ఏర్పడ్డాయి కాబట్టి పాత విశాఖపట్నం జిల్లా ఎంతో విశాలమైనది, అందులో కొత్తవలస వంటి పేరున్న ఊళ్లు ఒకటి కంటే ఎక్కువ. తాలూకా కుదరనంతవరకు ఏ కుటుంబాన్నీ నేను ఊరికి తీసుకువెళ్లను. ఇంటర్నెట్‌లో దొరికే టైపు చేసిన పట్టికలు దారి వెతకడానికి బాగా పనికొస్తాయి గాని, చేతిరాత ప్రతితో సరిచూడకుండా వాటిని తుది ఆధారంగా తీసుకోకూడదు.

స్వంత ఖర్చుతో వ్యాపారానికో ఉద్యోగానికో వెళ్లినవారు మాత్రం ఈ జాబితాల్లో ఉండరు. వారి సంతతికి ఇక్కడ కనిపించిన పేరు, ఎంత చక్కగా సరిపోయినా, వేరొకరి తాతదే.