పాత ప్రింటర్ క్యూలు తీసెయ్యడానికి కప్సే మేలు: ఒక జిరాక్స్ షాపు రివ్యూ

విశాఖ చినవాల్తేరులో మా షాపుకి యూనివర్సిటీ పిల్లలే ఆధారం. “అక్కా, గైడ్ ఎదురుచూస్తున్నారు” అని థీసిస్ పట్టుకుని నిలబడినప్పుడు, ఎప్పుడో మార్చేసిన ప్రింటర్ పేరు మీదకి ఫైలు వెళ్లి ఇరుక్కుందంటే ప్రాణం విసిగిపోతుంది. ఒక్కో ప్రింటర్ పేరు మీద కంప్యూటర్‌లో ఉండే అచ్చు పనుల వరసే క్యూ. పాత క్యూలు ఉంచనే కూడదు.

లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ఈ పని చూసేది కప్స్ అనే సాఫ్ట్‌వేరే. 2007లో దాని కోడ్‌ని యాపిల్ కొనుక్కుంది. టెర్మినల్లో (కమాండ్లు టైప్ చేసే విండో) ‘ఎల్‌పీస్టాట్ మైనస్ పీ’ కొడితే క్యూల పేర్లన్నీ కనిపిస్తాయి. ‘ఎల్‌పీఅడ్మిన్ మైనస్ ఎక్స్’ అని పక్కన పేరు రాస్తే ఆ క్యూ, అందులో ఆగిన జాబులు (అచ్చుకి పంపిన ఫైళ్లు) అన్నీ పోతాయి. అచ్చవుతున్నది కూడా మధ్యలో ఆగిపోతుంది, అది చూసుకుని కొట్టండి. క్యూ పేర్లలో కప్స్ ఖాళీలు ఉండనివ్వదు కాబట్టి పేరు చుట్టూ కోట్స్ పెట్టే గొడవ లేదు. నాకు బాగా నచ్చింది ఇదే.

విండోస్‌లో టెర్మినల్ లాంటి పవర్‌షెల్ తెరిచి ‘రిమూవ్-ప్రింటర్’ కమాండ్ ఇవ్వాలి, పేరులో ఖాళీలుంటే కోట్స్ తప్పవు. డ్రైవర్ (ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) మిగిలిపోతుంది, దాన్ని విడిగా తీయాలి. మొండి జాబు కదలకపోతే అచ్చు పనుల్ని వరసలో నడిపే స్పూలర్ సర్వీసు ఆపి, సిస్టమ్32లోని స్పూల్ ఫోల్డర్‌లో ‘ప్రింటర్స్’ ఖాళీ చేసి, మళ్లీ స్టార్ట్ చెయ్యాలి. పని అవుతుంది గానీ కౌంటర్ దగ్గర రద్దీలో అంత తీరిక ఎక్కడిది?

కప్స్‌కి అయిదుకి అయిదు, విండోస్‌కి మూడు. డాబాగార్డెన్స్‌లో సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొనే షాపువాళ్లు లినక్స్ వేయించుకోండి.