గ్రెగోరియన్ క్యాలెండర్: లెక్కకు పూర్తి మార్కులు, సెలవుల పట్టికకు కోత

ఈ సమీక్షకు తీసుకున్న వస్తువు గ్రెగోరియన్ క్యాలెండర్. తయారీదారు రోమన్ కాథలిక్ చర్చి, విడుదలైన సంవత్సరం 1582. మతానికీ రాజ్యానికీ మధ్య గీత గీసుకున్న సమాజాలు కూడా తమ చట్టాలకు, జీతాలకు, పరీక్షలకు, ఎన్నికలకు దీన్నే వాడుతున్నాయి కాబట్టి, మతం కోసం తయారైన ఈ కాలగణనను లౌకిక సమాజాలు ఇంకా కొనసాగించవచ్చా అన్న ప్రశ్న తరచూ వస్తూనే ఉంటుంది. నా అభిప్రాయం ముందే చెబుతాను. రోజులు లెక్కపెట్టే సాధనంగా దీన్ని మార్చవలసిన అవసరం లేదు. అయితే దీనితో పాటే వచ్చి చేరిన సెలవుల పట్టిక విషయంలో లౌకిక రాజ్యాలు చేయవలసిన పని చాలా మిగిలి ఉంది. సాధారణంగా వాదనలన్నీ మొదటిదాని చుట్టూ తిరుగుతాయి, రెండోదాని జోలికి ఎవరూ పెద్దగా పోరు.

ఈ వస్తువు ఎందుకు తయారైందన్న విషయంలో దాపరికమేమీ లేదు. జూలియస్ సీజర్ సామాన్య శకానికి పూర్వం (సా.పూ.) 45లో అమలులోకి తెచ్చిన పాత క్యాలెండర్ సంవత్సరానికి 365 రోజుల 6 గంటలు లెక్కగట్టింది. రుతువులు ఒక చుట్టు తిరిగి వచ్చే నిజమైన రుతు సంవత్సరం అంతకంటే సుమారు 11 నిమిషాలు తక్కువ. ఈ కొద్దిపాటి తేడా దాదాపు 128 ఏళ్లకు ఒక రోజుగా పేరుకుంటూ పోయి, 325లో క్రైస్తవ మతపెద్దల నైసియా సభ జరిగిన కాలంలో మార్చి 21న ఉన్న వసంత విషువత్తు (పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజు) 16వ శతాబ్దానికల్లా మార్చి 11కు జారిపోయింది. యేసు పునరుత్థానాన్ని జరుపుకునే ఈస్టర్ తేదీని విషువత్తును బట్టి నిర్ణయించాలి గనుక పండుగ దారి తప్పుతోందని చర్చి ఆందోళన పడింది. లుయీజీ లిలియో అనే వైద్యుడు వేసిన పథకాన్ని, క్రిస్టఫర్ క్లావియస్ అనే జెసూట్ (ఒక కాథలిక్ మత సంఘం) గణితవేత్త సరిచూసి సమర్థించగా, పోప్ 13వ గ్రెగరీ ఆమోదించాడు. 1582 అక్టోబరు 4 గురువారం తరువాతి రోజు అక్టోబరు 15 శుక్రవారం అయింది. ఆవిలాకు చెందిన తెరేసా సన్యాసిని సరిగ్గా ఆ రాత్రే స్పెయిన్‌లో కన్నుమూశారు. అక్టోబరు 4 రాత్రి మరణించిన ఆమె అంత్యక్రియలు మర్నాడే జరిగినా, ఆ మర్నాడు 15వ తేదీ. తేదీలు పది ఎగిరిపోయినా వారం మాత్రం ఒక్క రోజు కూడా తప్పలేదన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. దీని సంగతి మళ్లీ వస్తుంది.

పనితీరు విషయానికి వస్తే, వస్తువు మీద ఫిర్యాదు చేయడం కష్టం. నాలుగు చేత భాగింపబడే సంవత్సరం లీపు సంవత్సరం. వందతో భాగింపబడితే కాదు. నాలుగు వందలతో భాగింపబడితే మళ్లీ అవును. అందుకే 1900లో ఫిబ్రవరికి 28 రోజులే ఉన్నాయి, 2000లో 29 వచ్చాయి, 2100లో మళ్లీ 28 ఉంటాయి. నాలుగు వందల ఏళ్లలో 97 లీపు సంవత్సరాలు వచ్చే ఈ సూత్రం సగటు సంవత్సరాన్ని 365.2425 రోజులు చేస్తుంది. రుతు సంవత్సరంతో పోలిస్తే మిగిలే తేడా ఏటా అర నిమిషం కంటే తక్కువ, అంటే ఒక రోజు తప్పడానికి మూడు వేల ఏళ్లకు పైగా పడుతుంది. ఆకాశం వైపు చూడనక్కరలేకుండా, ఏ అధికారినీ, ఏ అర్చకుడినీ అడగనక్కరలేకుండా, భాగహారం వచ్చిన వారెవరైనా వెయ్యేళ్ల తరువాతి తేదీ ఏ వారమో చెప్పగలరు. లౌకికత అంటే ఎవరి అనుమతీ లేకుండా అందరికీ అందుబాటులో ఉండటం అనుకుంటే, పోప్ చేయించిన ఈ వస్తువు ఆ పరీక్షలో చాలా ప్రభుత్వ వ్యవస్థల కంటే మెరుగ్గా నెగ్గుతుంది.

లోపాలు లేవని కాదు. నెలల నిడివి అస్తవ్యస్తం. మామూలు సంవత్సరంలో నాలుగు త్రైమాసికాలకు వరుసగా 90, 91, 92, 92 రోజులు వస్తాయి కాబట్టి, లెక్కలు రాసేవారికి ఒక త్రైమాసికాన్ని ఇంకొకదానితో పోల్చడం ఎప్పుడూ తలనొప్పే. అయితే ఈ వంకరలన్నీ రోమన్ల నాటివి, వీటిలో చర్చి చేయి లేదు.

ఆ మాటకొస్తే దీన్ని ఒకే మతానికి చెందిన వస్తువనడం కూడా అంత సరైనది కాదు. జనవరి, మార్చి నెలలు రోమన్ దేవతలైన జేనస్, మార్స్ పేర్లవి. జూలై, ఆగస్టు ఇద్దరు పాలకుల పేర్లవి. ఏడు రోజుల వారం ప్రతి ఏడో రోజున వచ్చే యూదుల విశ్రాంతి దినమైన సబ్బాతు నుంచి, గ్రహాల పేర్లు పెట్టుకున్న పాత జ్యోతిష సంప్రదాయం నుంచి కలగలిసి వచ్చింది. అసలైన క్రైస్తవ ముద్ర ఉన్నది సంవత్సరం సంఖ్య మీద. దాన్ని 525లో డయోనీసియస్ ఎగ్జిగూస్ అనే సన్యాసి ప్రవేశపెట్టాడు. అంతకు ముందు ఈస్టర్ పట్టికల్లో సంవత్సరాలను రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ పేరిట లెక్కించేవారు. క్రైస్తవులను హింసించిన వాడి జ్ఞాపకాన్ని తన పట్టికలో నిలపడం ఇష్టం లేక, డయోనీసియస్ క్రీస్తు జననం నుంచి లెక్క మొదలుపెట్టాడు. నేడు లౌకికవాదులు ఏ అభ్యంతరం చెబుతున్నారో, సరిగ్గా అదే అభ్యంతరం నుంచి ఈ శకం పుట్టిందన్నమాట. అదే చక్రవర్తి శకాన్ని ఈజిప్టులోని కాప్టిక్ చర్చి వదిలిపెట్టకుండా ‘అమరవీరుల శకం’గా మార్చుకుని ఈనాటికీ వాడుతోంది. పాత సంఖ్యలు అవే, అర్థం మాత్రం తలకిందులైంది. డయోనీసియస్ లెక్క కూడా తప్పినట్టే కనిపిస్తుంది. సువార్త ప్రకారం యేసు హేరోదు రాజు బతికుండగా పుట్టాడు, ఆ రాజు సా.పూ. 4లో మరణించాడని ఎక్కువ మంది చరిత్రకారులు అంటారు. కాబట్టి సంవత్సరం సంఖ్య తాను చెప్పుకున్న సంఘటనకు కూడా సరిగా కట్టుబడి లేదు, అది మనమందరం ఒప్పుకున్న ఒక గుర్తు మాత్రమే.

క్రీస్తు శకం అనడానికి బదులు సామాన్య శకం అనడం సులువైన మర్యాద. పై వాక్యాల్లో నేనూ అదే చేశాను, కానీ దానివల్ల సంఖ్య మారదు. సంఖ్యనే మార్చాలన్నవారూ ఉన్నారు. చెజారే ఎమిలియాని అనే భూవిజ్ఞాన శాస్త్రవేత్త 1993లో ప్రస్తుత సంఖ్యకు పది వేలు కలపమన్నాడు, అప్పుడు మానవ నాగరికత మొత్తం ఒకే వరుసలో ఇముడుతుందని ఆయన ఉద్దేశం. అయితే మొదటి అంకెను కప్పేస్తే వెనక కనిపించేది పాత సంఖ్యే. అధికారం ఉన్నవారు శకాన్ని మార్చినప్పుడు ఏమవుతుందో ఇరాన్ చూపించింది. 1976లో షా (రాజు) ప్రభుత్వం హిజ్రా (మహమ్మద్ ప్రవక్త వలస) నుంచి లెక్కించే సౌర శకాన్ని తీసివేసి, ప్రాచీన పర్షియా పాలకుడైన సైరస్ చక్రవర్తి నుంచి మొదలయ్యే రాజశకాన్ని పెట్టింది. జనం ఒక్కసారిగా 1355 నుంచి 2535లోకి వెళ్లారు. మత నాయకుల ఆగ్రహం మధ్య 1978లో ప్రభుత్వమే దాన్ని వెనక్కి తీసుకుంది. మతాన్ని తీసివేసిన చోట ఖాళీ మిగలలేదు, సింహాసనం వచ్చి కూర్చుంది.

ఇక మార్కెట్‌లోకి వచ్చిన ప్రత్యామ్నాయాలను చూద్దాం. ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం 1793 అక్టోబరులో తెచ్చిన గణతంత్ర క్యాలెండర్ చూపుకు చాలా అందమైనది. ముప్పై రోజుల నెలలు పన్నెండు, చివర ఐదో ఆరో అదనపు రోజులు, మంచు, పొగమంచు, మొలకలు, పూలను బట్టి నెలల పేర్లు. కానీ లోపల రెండు పెద్ద లోపాలున్నాయి. పారిస్‌లో శరద్ విషువత్తు ఏ రోజున పడితే ఆ రోజే కొత్త సంవత్సరం అన్నారు, దాంతో భవిష్యత్ తేదీలు కావాలంటే ఖగోళవేత్తల మీద ఆధారపడక తప్పలేదు. ఒక రకం పురోహితులను తప్పించి మరొక రకాన్ని కూర్చోబెట్టారని అనాలనిపిస్తుంది. రెండోది ఇంకా ఘోరం. ఆదివారాన్ని తుడిచేయడానికి పది రోజుల వారం పెట్టారు, ఫలితంగా పనివాడికి ఏడో రోజున దొరికే విశ్రాంతి పదో రోజుకు వెళ్లింది. 1806 జనవరి 1తో నెపోలియన్ దాన్ని మూసేశాడు. మళ్లీ 1871లో పారిస్ కమ్యూన్ అనే తిరుగుబాటు ప్రభుత్వ కాలంలో కొద్ది రోజులు బతికింది, అంతే.

సోవియట్ యూనియన్ 1929లో మరింత దూరం వెళ్లింది. కర్మాగారాలు ఒక్క రోజు కూడా ఆగకూడదనీ, ఆదివారం ప్రార్థనలకు జనం పోకూడదనీ ఐదు రోజుల వారం పెట్టింది. కార్మికులను పసుపు, గులాబీ, ఎరుపు, ఊదా, ఆకుపచ్చ రంగుల వారీగా ఐదు జట్లు చేసి, రోజుకొక రంగుకు సెలవు ఇచ్చింది. భర్తది పసుపు రంగు, భార్యది ఆకుపచ్చ, పిల్లల బడి మరో రంగు అయితే ఆ ఇంట్లో అందరూ కలిసి కూర్చునే రోజు ఎప్పటికీ రాదు. 1931లో దాన్ని ఆరు రోజుల వారంగా మార్చినా, అందరికీ ఒకే సెలవు రోజును తిరిగి ఇచ్చినా పాత అలవాటు పోలేదు. 1940 జూన్‌లో ఏడు రోజుల వారం తిరిగి వచ్చింది. ఏడు అన్న సంఖ్యకు ఆకాశంలో సూర్యుడి ఆధారం లేదు, గణిత సౌలభ్యమూ లేదు. మొత్తం క్యాలెండర్‌లో అత్యంత మతపరమైన భాగం అదే, మనుషులు వదులుకోవడానికి ఒప్పుకోనిది కూడా అదే. అయితే వాళ్లు కాపాడుకున్నది దేవుడి కోసం కాదు, ఒకరికొకరు దొరికే రోజు కోసం అనుకుంటాను.

మతంతో తగువు పెట్టుకోకుండా కేవలం సౌకర్యం కోసం వచ్చిన వాటిలో ఎలిజబెత్ అకెలిస్ 1930లో ప్రచారం మొదలుపెట్టిన ప్రపంచ క్యాలెండర్ మెరుగైనది. 91 రోజుల చొప్పున నాలుగు సమాన త్రైమాసికాలు కలిపి 364 రోజులు. మిగిలిన ఒక రోజును ఏ వారానికీ చెందని ‘ప్రపంచ దినం’గా సంవత్సరాంతంలో ఉంచారు. ప్రతి తేదీ ప్రతి ఏటా ఒకే వారం పడుతుంది. స్వతంత్ర భారతదేశం దీన్ని 1950లలో ఐక్యరాజ్య సమితి ముందు పెట్టింది కూడా. ఇబ్బంది ఆ ఒక్క రోజు దగ్గరే వచ్చింది. సృష్టి ఆరంభం నుంచి లెక్క తప్పకుండా ప్రతి ఏడో రోజునూ పాటించాలని నమ్మే యూదులకు, శనివారాన్ని ఆచరించే క్రైస్తవ శాఖలకు, లెక్కలోకి రాని రోజు అంటూ ఉండదు. ఈ ఏడాది శనివారం పడిన సబ్బాతు వచ్చే ఏడాది శుక్రవారానికి, ఆపై గురువారానికి జరిగిపోతూ, పనిదినాల మధ్య చిక్కుకుంటుంది. 1955లో అమెరికా ప్రభుత్వం మత సమూహాల అభ్యంతరాలను చూపి వ్యతిరేకించడంతో ప్రతిపాదన అటకెక్కింది. నా దృష్టిలో ఆ నిర్ణయం సరైనదే. మతం ముద్ర లేని క్యాలెండర్ మత స్వేచ్ఛను ఎక్కువగా కుదించే పరిస్థితి వస్తే లౌకిక రాజ్యం ఎంచుకోవలసింది స్వేచ్ఛనే గానీ ముద్ర లేకపోవడాన్ని కాదు. 28 రోజుల నెలలు పదమూడు ఉండే మరో నమూనాను ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థ 1928 నుంచి 1989 దాకా తన లోపలి లెక్కలకు వాడుకుంది. ఒక సంస్థ గోడల లోపల అది చక్కగా సాగింది, గోడ దాటి బయటకు మాత్రం రాలేదు.

మతం ముద్ర అంటే భయపడాలా అనడానికి ఇంకొక వైపు సాక్ష్యం ఉంది. జపాన్ 1873 జనవరి 1 నుంచి గ్రెగోరియన్ లెక్కలోకి మారింది. పాత పద్ధతి ప్రకారం ఆ ఏడాది అధిక మాసం రావలసి ఉంది, అంటే ఖజానా ఉద్యోగులకు పదమూడు నెలల జీతం ఇవ్వాలి. ఆ భారం తప్పడం కూడా మార్పుకు ఒక కారణమని చెబుతారు. సౌదీ అరేబియా 2016 అక్టోబరులో ప్రభుత్వ జీతాలను చాంద్రమాన హిజ్రీ నెలల నుంచి గ్రెగోరియన్ నెలలకు మార్చింది, దాంతో ఏటా సుమారు పదకొండు రోజుల జీతం మిగిలింది. ఇస్లాం పుట్టిన నేల మీద పోప్ లెక్క ప్రకారం జీతాలు ఇస్తున్నారంటే, ఆ లెక్కలో మతం ఎంత మిగిలి ఉందో ఊహించుకోవచ్చు.

మతం ఇంకా జీవంతో ఉన్నది సెలవుల పట్టికలో. ఫ్రాన్స్ 1905లో చర్చిని రాజ్యం నుంచి వేరు చేసింది. అయినా దేశవ్యాప్తంగా ఉన్న 11 సెలవుల్లో ఆరు క్రైస్తవ పండుగలవి. 2003లో ప్రభుత్వమే వేసిన సంఘం బడులకు యూదుల యోమ్ కిప్పూర్, ముస్లింల బక్రీద్ సెలవులు కూడా ఇవ్వాలని సిఫారసు చేస్తే, ప్రభుత్వం దాన్ని స్వీకరించలేదు. సంవత్సరం సంఖ్య వల్ల ఏ యూదు విద్యార్థికీ, ఏ ముస్లిం ఉద్యోగికీ రోజువారీ నష్టం జరగదు. తన పండుగకు సొంత సెలవు ఖర్చు పెట్టుకుని, ఇతరుల పండుగకు ఊరికే ఇంట్లో కూర్చోవలసి రావడం మాత్రం నిజమైన నష్టం. జాతీయ దినాలను అందరికీ ఉమ్మడిగా ఉంచి, మత సెలవుల సంఖ్యను ప్రతి ఒక్కరూ తమకు నచ్చిన తేదీలకు వాడుకునేలా చేస్తే క్యాలెండర్‌లో ఒక్క గడి కూడా జరపనక్కరలేదు. అందరూ ఒకే రోజున తీరిగ్గా ఉండే సుఖం కొంత తగ్గుతుందన్న మాట నిజమే, సోవియట్ అనుభవాన్ని చూశాక ఆ భయాన్ని తీసిపారేయలేను. కానీ దానికోసం వారాంతం ఎలాగూ ఉంది.

నేను మార్కులు తగ్గించే మరో అంశం ఈస్టర్. మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 వరకు ఎక్కడైనా పడే ఆ ఆదివారాన్ని బట్టి అనేక దేశాల్లో సెలవులు, బడుల కాలపట్టికలు ఏటా అటూ ఇటూ జరుగుతుంటాయి. బ్రిటిష్ పార్లమెంటు 1928లోనే దీనికి పరిష్కారంగా, ఏప్రిల్ రెండో శనివారం తరువాతి ఆదివారాన్ని ఈస్టర్‌గా స్థిరపరుస్తూ చట్టం చేసింది. దాన్ని అమలులోకి తెచ్చే ముందు చర్చిల అధికారిక అభిప్రాయాన్ని పరిగణించాలని అందులోనే రాసుకున్నారు. ఆ చట్టం రద్దు కాలేదు, అమలులోకీ రాలేదు.