కారైక్కుడి దగ్గర పాత చెట్టియార్ల ఇంట్లో బస

తమిళనాడులోని కారైక్కుడి చుట్టుపక్కల పల్లెల్లో పూర్వం నాట్టుక్కోట్టై చెట్టియార్లు అనే వడ్డీ వ్యాపారుల కులంవారు కట్టించిన ఇళ్లు కొన్ని ఇప్పుడు అతిథులకు గది, ఉదయం ఫలహారం ఇచ్చే బసలుగా మారాయి. మేము దిగినది అలాంటి ఇల్లే. వీధి అరుగు మీద నిలబడితే పెరటి గుమ్మం దాకా ద్వారాలన్నీ ఒకే వరుసలో కనిపిస్తాయి. నడుమ మన మండువా లోగిళ్లలో లాగే పైకప్పు లేని వాకిలి, దాని చుట్టూ బర్మా టేకు స్తంభాలు, వాటి వెనుక గదులు ఉన్నాయి. పెళ్లయిన ఒక్కొక్క కొడుకు కుటుంబానికి ఒక్కొక్క గది చొప్పున, ముఖ్యంగా సామాను దాచుకోవడానికి కేటాయించినవి కనుక అవి ఇరుకుగా ఉంటాయి.

అందుకే రెండేసి గదులను కలిపి ఒక్కటి చేశారు. అడ్డుగోడ తీసేసిన చోట నేల మీద పరిచిన ఆత్తంగుడి పలకల మధ్య జానెడు వెడల్పున ఖాళీ పట్టీని కప్పిపుచ్చకుండా వదిలేయడం నాకు ఎంతో నచ్చింది. గాజుపలక మీద చేత్తో రంగులు పోసి తయారు చేసే ఆ పలకలు తొక్కిన కొద్దీ నున్నబడి మెరుస్తున్నాయి. స్నానాలగది మాత్రం నిరాశపరిచింది. పాత సున్నపు గోడ మీద సిమెంటు పూయడంతో లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక, పూత అడుగుభాగాన పెచ్చులుగా ఊడుతోంది. సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఈ ప్రాంతంలో ఉండగా ఇలా జరగవలసింది కాదు.

నా అసలు అసంతృప్తి ఇంటి చరిత్ర చెప్పే తీరు మీద. సాయంత్రం ఇల్లంతా తిప్పి చూపిస్తూ ఇటలీ పాలరాయి, బెల్జియం అద్దాలు, కోడిగుడ్డు తెల్లసొన కలిపిన గచ్చు గురించి వివరంగా చెప్పారు గాని, ఆ డబ్బు ఎలా వచ్చిందో చెప్పలేదు. దిగువ బర్మాలో వరి రైతులకు ఇచ్చిన అప్పుల మీద పెరిగిన సంపద ఇది. 1930ల మాంద్యంలో ధాన్యం ధర పడిపోయి అప్పులు తీరకపోవడంతో, ఆ దశాబ్దం చివరికి అక్కడి సాగుభూమిలో దాదాపు పావు వంతు చెట్టియార్ల చేతికి వచ్చింది. రైతులు తమ పొలాల్లోనే కౌలుదార్లయ్యారు. 1942లో బర్మా మీద జపాను దాడితో చెట్టియార్లు అన్నీ వదిలి రావలసి వచ్చింది. ఇక్కడి ఇళ్లు క్రమంగా ఖాళీ అయ్యాయి. ఒక్కో ఇంటికి పదుల సంఖ్యలో వారసులు ఉండటంతో, మరమ్మతుకు అందరి ఒప్పుదల కుదరక ఎన్నో ఇళ్లు కూల్చివేతకు గురై, వాటి స్తంభాలూ తలుపులూ కారైక్కుడి పాత సామాన్ల దుకాణాలకు చేరాయి. ఈ ఇల్లు నిలిచి ఉండటం ఎంత గొప్పో ఇదంతా చెబితేనే అతిథికి అర్థమవుతుంది.

మొత్తం మీద ఇక్కడ బస చేయమనే చెబుతాను. గడపలు ఎత్తుగా, మెట్లు నిటారుగా ఉన్నందున పెద్దవారితో వెళ్లేవారు మండువా పక్క గదినే అడిగి తీసుకోవాలి.