ఐదేళ్లు టీ ఫ్రాంచైజీ నడిపాక: నాకు పడలేదు, మా ఆవిడకు పడింది

2021 ఫిబ్రవరిలో గుంటూరు బ్రాడీపేటలో టీ ఫ్రాంచైజీ తెరిచాం. అగ్రిమెంటు ఐదేళ్లు. మొన్న ఫిబ్రవరితో అయిపోయింది. కంపెనీ పేరు రాయడం లేదు. రాస్తే ఆ ఒక్క కంపెనీతో నా గొడవలా కనిపిస్తుంది. "ఎలా ఉందన్నా, మేమూ తీసుకుందామనుకుంటున్నాం" అంటూ నెలకు ఒకరైనా షాపుకు వస్తున్నారు. సాయంత్రం రద్దీలో అందరికీ నిలబడి చెప్పలేక ఇక్కడ రాస్తున్నా.

ముందు డబ్బు సంగతి. ఫ్రాంచైజీ ఫీజు 3 లక్షలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 54 వేలు. మెషీను, బాయిలరు, గిన్నెలు, బిల్లింగ్ సిస్టమ్ కలిపి 2 లక్షల 20 వేలు. బోర్డు, లోపలి పని 1 లక్షా 80 వేలు. నెలకు 15 వేల అద్దె చొప్పున పది నెలల అడ్వాన్సు లక్షన్నర. లైసెన్సులు, మొదటి సరుకు 36 వేలు. మొత్తం 9 లక్షల 40 వేలు. అందులో 5 లక్షలు ముద్ర లోను, మిగతాది నా పీఎఫ్, పాడిన చీటీ డబ్బులు. ఫీజు మీద కట్టిన జీఎస్టీ తర్వాత తిరిగొస్తుందనుకున్నాను. మాలాంటి షాపులు కస్టమరు దగ్గర 5 శాతమే వసూలు చేస్తాయి, ఆ లెక్కలో ఇన్‌పుట్ క్రెడిట్, అంటే మనం కట్టిన జీఎస్టీని మినహాయించుకునే వీలు, ఉండదు. ఆడిటరు ఈ ముక్క చెప్పేసరికి సంతకాలు అయిపోయాయి. 54 వేలు గోవిందా.

కంపెనీవాళ్లు చూపించిన కాగితంలో రోజుకు 500 కప్పులు. మొదటి నెల 450 వరకు పోయాయి. కొత్త బోర్డు చూడాలని జనం వస్తారు కదా, అవి ఆ కప్పులు. తర్వాత దిగుతూ దిగుతూ 320 దగ్గర ఆగింది. కప్పు 15 రూపాయలు. బిస్కెట్లు, బన్నులు కలుపుకుని నెలకు అమ్మకం 1 లక్షా 74 వేలు. పాలు, పొడి, చక్కెర, కప్పులు, అద్దె, ఇద్దరు కుర్రాళ్ల జీతాలు, కరెంటు, గ్యాసు, పన్ను అన్నీ పోగా చేతికి 26 వేలు. లోను వాయిదా దాదాపు 11 వేలు. మిగిలిన 15 వేలు నేనూ మా ఆవిడా పొద్దున్న ఐదున్నర నుంచి రాత్రి పది దాకా వంతులు వేసుకుని నిలబడితే వచ్చినవి. మా ఇద్దరి జీతం ఏ లెక్కలోనూ లేదు. లోను తీరేదాకా పరిస్థితి ఇదే.

అందరూ పడిపోయే మాట ఇంకోటి ఉంది: "రాయల్టీ సున్నా." నేనూ దానికే పడ్డాను. నెలనెలా వాటా అడగరు, నిజమే. కానీ టీ పొడి మిక్స్ వాళ్ల దగ్గరే కొనాలి. కప్పుకు మాకు 2 రూపాయలు పడేది. అలాంటి పొడే టోకు బజారులో అడిగి చూస్తే దాదాపు సగం ధర. నెలకు 9,600 కప్పులు అంటే 9,600 రూపాయలు అదనంగా వాళ్లకు వెళ్తున్నాయి. అమ్మకం మీద ఐదున్నర శాతం. దాన్ని రాయల్టీ అనకుండా పొడి అన్నారు, అంతే తేడా. తప్పు కూడా అనను, వాళ్లకూ బతుకు ఉండాలి. ముందే తెలిసుంటే బేరం ఆడేవాడిని.

తెరిచిన మూడో నెలకే కరోనా సెకండ్ వేవ్. మే 5 నుంచి కర్ఫ్యూ, మధ్యాహ్నం 12కే షట్టర్ దించాలి. టీ షాపుకు ప్రాణం సాయంత్రం. ఆ నెల సొంత డబ్బుతో అద్దె కట్టాం.

కర్ఫ్యూ కన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది అల్లం. నవ్వకండి. రెండో ఏడాది జనవరిలో, పొద్దున్నే మంచులో కోచింగ్ పిల్లలు వణుక్కుంటూ వస్తుంటే, కంపెనీ అల్లం టీ ఎందుకో చప్పగా అనిపించేది. రోట్లో కాస్త అల్లం, రెండు యాలకులు దంచి బాయిలరులో వేయడం మొదలుపెట్టాను. రోజుకు 40 కప్పులు పెరిగాయి. మూడో వారంలో ఏరియా మేనేజరు దిగాడు, మా అబ్బాయి వయసుంటుంది. రోలు చూశాడు.

"అంకుల్, ఇది మన స్పెక్‌లో లేదు."

"తాగి చూడు బాబూ, ఎలా ఉందో."

తాగాడు. రెండో కప్పు కూడా అడిగి తాగాడు. "చాలా బాగుంది అంకుల్. కానీ రాయాలి" అని ఫోన్‌లో ఫోటో కొట్టాడు. 5 వేలు ఫైను.

ఆ రాత్రి నేను కారాలు మిరియాలు నూరుతుంటే మా ఆవిడ గల్లాపెట్టె లెక్క ఆపకుండానే అంది: "వాళ్ల టీ అమ్ముతామనే గదా మూడు లక్షలు కట్టింది. మీ టీ అమ్మాలని ఉంటే బండి పెట్టుకోవాల్సింది."

ఫ్రాంచైజీ మనకు పడుతుందా లేదా అన్నది ఈ మాటలోనే ఉంది. ఎదురుగా బండి మీద టీ అమ్మే బాబాయ్ ఉన్నాడు. ఏ రోజు పాలు ఎలా ఉన్నాయో చూసి చక్కెర మారుస్తాడు, వాన పడితే మిర్చి బజ్జీ వేస్తాడు. నాదీ ఆ బుద్ధే. పధ్నాలుగేళ్లు మందుల కంపెనీ సేల్స్‌లో తిరిగినవాణ్ని, ఒకచోట ఒకే పని ఒకేలా చేయడం నా వల్ల కాదు. మా ఆవిడ అలా కాదు. స్కూపు అంటే స్కూపే, 100 మిల్లీలీటర్లు అంటే 100. తను ఉన్న పూట వేస్టేజీ తక్కువ, ఆడిట్‌లో మార్కులు ఎక్కువ. అదే షాపు, అదే లాభం. తనకు ప్రశాంతత, నాకు టెన్షన్.

అగ్రిమెంటు 22 పేజీలు, ఇంగ్లీషు. "మీకు కిలోమీటరు లోపల ఇంకో షాపు ఇవ్వం సార్" అని నోటితో చెప్పారు, కాగితం మీద లేదు. మూడో ఏడు 900 మీటర్ల దూరంలో ఇచ్చారు. మా కప్పులు 320 నుంచి 270కి దిగి, కోలుకోవడానికి ఏడాది పట్టింది. గొడవొస్తే మధ్యవర్తిత్వం ఏదైనా వాళ్ల ఊళ్లోనే జరగాలని ఇంకో క్లాజు. మానేశాక రెండేళ్లు టీ వ్యాపారం చేయకూడదని మరొకటి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు అలాంటి షరతు నిలవడం కష్టమని తెలిసిన లాయరు అన్నారు. నిలవదని తేల్చుకోవాలన్నా కోర్టు చుట్టూ తిరగాల్సింది మనమే.

మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేకమైన చట్టం లేదు. మా బావమరిది టెక్సాస్‌లో ఒక ఫ్రాంచైజీ చూశాడు. అక్కడ సంతకానికి, డబ్బు కట్టడానికి కనీసం 14 రోజుల ముందు కంపెనీ వివరాల పత్రం చేతిలో పెట్టాలట. అందులో ఆ ముందు ఏడాది వదిలేసి వెళ్లినవాళ్ల ఫోన్ నంబర్లు కూడా ఉంటాయి. నాకు కంపెనీ ఇచ్చిన మూడు నంబర్లూ బాగా నడుస్తున్నవాళ్లవే. ముగ్గురూ "కళ్లు మూసుకుని తీసుకోండి" అన్నారు, నేను నిజంగానే మూసుకున్నాను. మీరైతే మూతపడిన బ్రాంచి ఒకటి వెతికి ఆ షాపు అద్దెకిచ్చిన ఓనరును కలవండి. ఎన్ని నెలలు నడిచింది, ఆఖరి అద్దెలు ఇచ్చారా, ఎందుకు పోయారు, దాచకుండా చెప్తాడు. ఆయనకు మీకు అమ్మాల్సింది ఏమీ లేదు.

మంచి కూడా చెప్పాలి. సంక్రాంతికి ఊరెళ్లిన కుర్రాడు తిరిగి రాకపోతే కొత్తవాడు రెండు రోజుల్లో అదే రుచి తెస్తాడు. బండి బాబాయ్‌కి జ్వరం వస్తే బండి ఆగుతుంది, మా షాపు ఆగదు. మా నాన్న ఆసుపత్రిలో ఉన్న పదకొండు రోజులు ఇద్దరం అటు తిరిగినా షట్టర్ రోజూ లేచింది. హైదరాబాద్ నుంచి వచ్చిన పిల్లలు బోర్డు గుర్తుపట్టి లోపలికి వస్తారు. ఇవి చిన్నవి కావు. మెషీను సర్వీసు మాత్రం అడగొద్దు, శుక్రవారం చెడితే సోమవారం దాకా దేవుడే దిక్కు.

మార్చిలో రెన్యువల్ చేశాం, లక్ష రూపాయలు. ఈసారి సంతకం మా ఆవిడది. కిలోమీటరు మాట కాగితం మీదకు ఎక్కించేదాకా పెన్ను తీయలేదు. పొడి ధర కూడా కప్పుకు రూపాయిన్నరకు తెచ్చింది. నేను మళ్లీ మందుల సేల్స్‌కు పోతున్నా. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు కౌంటర్లో కూర్చుని బిల్లులు కొడతాను. రోలు ఇంటికి చేరింది.